పందులు, చీరలు, మా పల్లి చేను

పోయిన యాసంగిలో ఒక్క రాత్రికి పావెకరం పల్లి చేను పోయింది. అడవి పందులు. అచ్చంపేట దగ్గర మా రెండెకరాలకు అవతల నల్లమలే. పొద్దున వెళ్లి చూస్తే నాగలితో దున్నినట్టుంది, కాయల్లేవు, తొక్కలే. మా ఆయన గట్టు మీదే కూలబడ్డారు.

మామయ్య రెండు మాటలన్నారు. గట్టు పక్కన మన పది గుంటల తుప్పలు కొట్టేయాలి, కంచెకు కరెంటు పెట్టాలి. నాకు చేతులు వణికాయి. చీకట్లో నీళ్లు కట్టడానికి వెళ్లేది ఈయనే కదా! ఇలాంటి తీగలకు మనుషులు పోయిన వార్తలు ఎన్ని చదవలేదూ. "రాత్రి మీ కొడుకునే పంపుతారా మామయ్యా?" అన్నాను. మళ్లీ ఆ మాటెత్తలేదు.

తుప్పల మీద మాత్రం నెల రోజులు గొడవ. అక్కడ మోదుగ, రేల, రెండు ఇప్పచెట్లున్నాయి. విస్తర్లకు ఆకు అత్తమ్మ అక్కడే కోస్తుంది. చివరికి ఆవిడే "నేనుండగా గొడ్డలి పడదు" అంది.

ఈ ఏడు చేను చుట్టూ నాలుగు వరుసలు కుసుమలు వేశాం. ముళ్లుంటాయి, వాటి ఘాటుకి పందికి పల్లి వాసన అందదట. దాని బయట నా పాత చీరలు కట్టాం. నారింజ రంగు పెళ్లి చీర కూడా పోయింది, దానికి మాత్రం బాధేసింది. పందులు రెండుసార్లే దిగాయి. నెమళ్లకు ఇవేవీ లెక్కలేదు, మొలకలు పీకాయి, మళ్లీ విత్తనం పెట్టాం. మా చిన్నది ఈకలు ఏరి పుస్తకంలో దాచుకుంటోంది.

మామయ్య రాత్రుళ్లు ఇంకా మంచె మీదే. డబ్బాలో అన్నం పెట్టి పంపిస్తున్నాను.