పదకొండడుగుల నీడ

మార్గశిరపు చలిలో, తెల్లవారీ తెల్లవారకమునుపే సూర్యాపేటలో దిగిన నాకు మొదట కనబడినవి పసుపుపచ్చని బడి బస్సులు. మంచుకు మసకబారిన అద్దముల వెనుక తలలు వాల్చి కునుకుచున్న పిల్లలతో అవి ఒకదాని వెంట నొకటి సాగిపోవుచుండెను. ఊరి పేరును బట్టి చమత్కరించుట సులభమే గాని నేను వచ్చినది అందులకు గాదు. ఆరోగ్యముగా నున్న పిల్లల కండబలమునకును విటమిన్ డికిని గల పొత్తు ఎంతటిదో విచారింపవలెననియే.

ఎండలోని 290 మొదలు 315 నానోమీటర్ల కిరణములు చర్మమందలి యొక క్రొవ్వుపదార్థమును తాకినగాని ఆ విటమిన్ పుట్టదు; పుట్టినదియు కాలేయమందొకసారి, మూత్రపిండములందొకసారి మారినగాని పనికిరాదు. ఆ కిరణములు అద్దమును దాటవు. ఏటవాలు ఎండలో నేలకు చేరునవి బహు స్వల్పము. మన నీడ మనకన్న పొట్టిగా నున్నప్పుడే అవి సమృద్ధిగా లభించును.

కోదాడలో నొక బడికి పోయితిని. తొమ్మిది గంటల ప్రార్థన ముగియగనే వ్యాయామోపాధ్యాయుడు, నా కోరికపై, ఎనిమిదవ తరగతి బాలునిచేత వాని నీడను వాని పాదములతోనే కొలిపించెను.

"పదకొండడుగులు సార్!"

మనిషి యెత్తు తన పాదములతో ఆరో ఆరున్నరో.

"గీ ఎండ ఒక్కటే సార్ వీళ్లకు. గంట కొడితే లోపలికి, మళ్ల పొద్దూకినంకనే బయటికి. ఆటల పీరియడ్ లెక్కల సారు తీస్కునె" అని ఆయన నవ్వెను.

పిమ్మట గుంజీలు తీయించెను. మనకది శిక్ష; వైద్యునికి పరీక్ష. విటమిన్ డి మిక్కిలి కొరవడినచో ముందుగా సడలునవి తొడకండరములు గనుక, గొంతుకూర్చున్నవాడు మోకాళ్లపై చేయి మోపక లేవజాలడు. ఆ వరుసలో నట్టివాడొక్కడును లేకపోయెను. ఇట్టి ఆరోగ్యవంతులకు మాత్రలు మ్రింగించినంత మాత్రమున బలము హెచ్చునా? మాంచెస్టరు బాలికలను పరీక్షించి 2009లో ఫలితములను ప్రకటించిన కేట్ వార్డ్ బృందమువారికి, రక్తమున ఈ విటమిన్ అధికముగా నున్నవారే ఎత్తుగా నెగురుదురని కనబడినది. తీరా ఏడాదిపాటు దానిని ఇచ్చి చూడగా, ఎగురు ఎత్తు చెప్పుకొనదగినంత పెరుగలేదు. బిడ్డకు బలమని సీసాలు కొనిపోవు తల్లిదండ్రులకు ఈ రెండవ మాట చెప్పువారు అరుదు. అట్లని లోపమే లేదని ధీమాగా నుండుటయు తగదు: తిరుపతి శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థవారు 2008లో ప్రకటించిన పరిశీలనలో, దినమెల్ల పొలమున నుండు పల్లెవారిలో సైతము పలువురికి ఇది చాలినంత లేదని తేలినది.

హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ చేరునప్పటికి మిట్టమధ్యాహ్నమైనది. సాగరు ఎడమ కాలువ క్రింద పండిన వడ్లను ఒక మిల్లువారు గచ్చుపై ఆరబోసియుండిరి. నా నీడను కొలుచుకొంటిని. ఐదడుగులకు కొంచెము మీదు. ఒక కూలి స్త్రీ పాదములతోనే చాళ్లు తీయుచు వడ్లలో అటునిటు నడచుచుండగా, ఎందుకమ్మా యని యడిగితిని.

"అడుగు గింజకు గూడ ఎండ తగలాలె గద సారూ, లేకుంటే ముక్కిపోతయి" అని, ఆమె ఆగకయే సాగిపోయెను.