చప్పుడు విని బతికిన ఊరు!

కిర్ర్... కిర్ర్... కిర్ర్...

వెనక చక్రం గుంతలో పడినప్పుడల్లా అదే చప్పుడు. బండి మామూలుది కాదు. బ్యాటరీతో నడిచే గేరు సైకిల్. గుట్టలు ఎక్కడానికి, రాళ్ల దారుల్లో పరుగులు తీయడానికి తయారుచేసిన రకం. ముందు షాకబ్జార్బర్లు, వెనకా షాకబ్జార్బరు. మంచి కంపెనీదైతే ధర లక్షల్లోనే. అలాంటి బండిని సెంటినరీ కాలనీ దారుల మీదికి తెస్తే ఏమవుతుంది? కొన్నాళ్లు హాయిగానే సాగుతుంది. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం దాటేసరికి సీటు కింద ఎక్కడో కిర్రు మొదలవుతుంది. 'షాకు పోయింది, మార్చెయ్యండి' అనే సలహా అందరికంటే ముందు వచ్చి వాలుతుంది. ఖర్చేమో వేలల్లో!

ఆగండి. జేబులో చెయ్యి పెట్టేముందు ఈ ఊరిని ఒకసారి చుట్టి రావాలి. ఎందుకంటే, చప్పుడు విని బతకడం నేర్చుకున్న ఊరిది.

వందేళ్ల గుర్తు

గోదావరిఖని నుంచి మంథని వైపు వెళుతుంటే దారిలో తగులుతుంది సెంటినరీ కాలనీ. పెద్దపల్లి జిల్లా, రామగిరి మండలం. పేరులోనే చరిత్ర ఉంది. 1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు జాడ కనిపెట్టారు. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1989కి తవ్వకానికి నూరేళ్లు నిండాయి. ఆ శతాబ్ది పేరే ఈ కాలనీకి స్థిరపడింది.

వరసగా కంపెనీ క్వార్టర్లు, మంథని జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల, షిఫ్టు మారే వేళకు బండ్ల సందడి... ఇదీ కాలనీ. రామగుండం-3 ఏరియా బతుకంతా దీని చుట్టూనే తిరుగుతుంది. దగ్గర్లోనే పాత కోటను నెత్తిన మోస్తున్న రామగిరి గుట్టలు. ఇటు చూస్తే ఓపెన్‌కాస్టు గనుల్లోంచి తీసి పోసిన మట్టి కుప్పలు. కొత్తగా వచ్చినవాళ్లకు ఏది దేవుడు పెట్టిన గుట్టో, ఏది డంపర్లు పోసిన గుట్టో ఒక పట్టాన తేలదు!

సైకిల్ తొక్కేవాళ్లకు ఇంతకన్నా మంచి చోటు లేదనిపిస్తుంది. కానీ బండికి మాత్రం ఇది పరీక్షే. బొగ్గు పొడి, రాతి పొడి కలిసిన దుమ్ము సన్నగా ఉంటుంది. సందు దొరికితే చాలు, దూరిపోతుంది. వాన పడితే అదే జావలా మారి బేరింగుల్లో చేరి, సానబట్టినట్టు అరగదీస్తుంది. ఎండాకాలం సంగతి చెప్పనే అక్కర్లేదు. రామగుండం ప్రాంతంలో 45 డిగ్రీలు దాటడం వింతేం కాదు. ఆ వేడికి రబ్బరు భాగాలు గట్టిపడతాయి, గ్రీజు పలచబడి జారిపోతుంది.

కప్పు మాట్లాడుతుంది

ఇప్పుడు భూమి లోపలికి వెళదాం. బొగ్గు బాయిలో పనికి దిగేముందు పైకప్పును కర్రతోనో, గడ్డపారతోనో తట్టి చూడటం పాతకాలం నుంచీ ఉన్న పద్ధతి. గట్టి కప్పయితే ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయి ఉంటే డొల్లగా పలుకుతుంది. అనుభవం ఉన్నవాళ్లు ఒక చేత్తో తడుతూ, రెండో చెయ్యి కప్పుకు ఆనించి అదురును కూడా పట్టుకుంటారు. చెవికి అందనిది వేళ్లకు అందుతుంది.

కప్పు కింద కర్ర దిమ్మెలు నిలబెట్టిన రోజుల్లో వాటి మీద కార్మికులకు ఒక నమ్మకం ఉండేది. బరువు మితిమీరితే కర్ర కిర్రుమంటుంది, చిటపటమంటుంది. విరిగేముందు చెప్పి విరుగుతుంది. ఆ కిర్రు విసుగు కాదు, హెచ్చరిక. విని పక్కకు జరిగినవాడు సాయంత్రం ఇంటికి చేరాడు.

ఇవన్నీ పాతకాలపు ముచ్చట్లు అనుకోవడానికి లేదు. 2022 మార్చి 7న, ఈ ఏరియాలోని అడ్రియాల లాంగ్‌వాల్ గనిలోనే పైకప్పు కూలి ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. ఎంత పెద్ద యంత్రాలు దిగినా భూమి లోపల ఏమరుపాటుకు చోటు లేదు. చప్పుడును తేలిగ్గా తీసుకోకపోవడం ఇక్కడ మంచి అలవాటు మాత్రమే కాదు, ప్రాణావసరం.

ముగ్గురు అన్నదమ్ములు

తమాషా ఏమిటంటే, సైకిల్ వెనక ఉన్న ఆ బుల్లి షాకుకు ఈ గనుల్లో ఇద్దరు పెద్దన్నలున్నారు.

ఒకరు ఓపెన్‌కాస్టులో తిరిగే డంపరు. 60 టన్నులు, 100 టన్నులు మోసే ఈ భారీ బండ్లలో నైట్రోజన్ వాయువు, నూనె కలిసి పనిచేసే సస్పెన్షన్ సిలిండర్లు ఉంటాయి. వాయువు నొక్కుకుని దెబ్బను మింగుతుంది. నూనె సన్నటి రంధ్రాల్లోంచి మెల్లగా సాగుతూ ఊపును అదుపు చేస్తుంది. గాలి నింపే సైకిల్ షాకులో ఉన్నదీ అదే సూత్రం.

రెండో అన్న లాంగ్‌వాల్ గనిలో కప్పును మోసే ఇనుప గొడుగు. దాని కాళ్లు హైడ్రాలిక్ సిలిండర్లు. మోయగలిగినంత మోస్తాయి. హద్దు దాటితే వాల్వు తెరుచుకుని కొంచెం కిందికి దిగుతాయి, కానీ విరగవు. బరువుకు ఎదురొడ్డి మొండిగా నిలబడటం కాకుండా, కాస్త వంగి కాపాడటం... ముగ్గురు అన్నదమ్ములదీ ఒకటే గుణం!

ఒక్కొక్కటీ విడదీసి...

సరే, మన కిర్రు సంగతి చూద్దాం. బాయిలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ముందు ఆ సైకిల్ పెట్టారనుకోండి. ఆయన పానా పట్టుకోడు. ముందు చెవి పెడతాడు.

"తమ్మీ, ఒక్కసారి సీటు మీద కూసొని ఊగు."

"కిర్రుమంటాంది కాకా."

"ఇప్పుడు సీటు దిగి పెడళ్ల మీద నిలబడి ఊగు. నేను పట్టుకుంట."

చప్పుడు ఆగిపోయిందా? అయితే తప్పు షాకుది కాదు. సీటుది, లేదంటే సీటు గొట్టానిది. గొట్టం తీసి, దుమ్ము తుడిచి, మళ్లీ బిగిస్తే తీరిపోయే రోగం. లోహపు ఫ్రేమయితే కాస్త గ్రీజు రాయొచ్చు. కార్బన్ ఫ్రేమయితే దానికోసమే తయారైన వేరే పేస్టు వాడాలి. లోహపు గొట్టంలో పుట్టిన చప్పుడు ఫ్రేమంతా పాకుతుంది. పుట్టేది ఒకచోట, వినిపించేది ఇంకోచోట. అందుకే విన్నచోటల్లా విప్పకూడదు.

తొక్కినప్పుడు మాత్రమే వస్తోందా? పెడళ్లు, క్రాంకు, మోటారును పట్టి ఉంచే బోల్టులు చూడాలి. తొక్కడం ఆపి గతుకుల్లో దొర్లిస్తే టకటకమంటోందా? బ్యాటరీని చేత్తో పట్టి ఆడించాలి. గూట్లో వదులుగా ఉంటే అదే మోగుతుంది. ఫ్రేముకు తగిలే కేబుళ్లూ ఇలాగే మోసం చేస్తాయి.

ఇవేవీ కాకపోతే అప్పుడు వెనక సస్పెన్షన్ వంతు. సీటు పట్టుకుని వెనక భాగాన్ని మెల్లగా ఎత్తి దించాలి. రెండో చేతి వేలు షాకు బోల్టు దగ్గర ఆనించాలి. 'టక్' అని వేలికి తగిలిందా, అక్కడి బుష్ అరిగిందన్నమాట. కప్పుకు చెయ్యి ఆనించి చూసిన విద్యే ఇది! తర్వాత వెనక చక్రాన్ని పక్కలకు ఊపి చూడాలి. కదలిక ఉంటే ఇరుసు, హబ్బు బేరింగు, ఫ్రేము మడిచే కీళ్లు అనుమానించాలి.

ఆఖరి పరీక్ష అసలైనది. బ్యాటరీ తీసేసి, బండిని స్టాండుకెక్కించి, షాకును ఒక వైపు విప్పాలి. చక్రాన్ని చేత్తో పైకీ కిందికీ ఆడించాలి. గరగరమంటే కీళ్ల బేరింగుల్లో దుమ్ము చేరింది. నీళ్లలా సాఫీగా కదిలితే కీళ్లు బాగున్నట్టే. ఇక మిగిలింది షాకు, దాన్ని బిగించే బుష్‌లు. చాలాసార్లు మారాల్సింది వేలు పోసే షాకు కాదు, చిన్న బుష్ మాత్రమే.

నోరు నొక్కితే ఎలా?

తెలియక చాలామంది చేసే పని ఒకటుంది. డబ్బా తెచ్చి కీళ్ల మీద నూనె స్ప్రే కొట్టేస్తారు. చప్పుడు రెండు రోజులు ఆగుతుంది. కానీ ఆ పలచటి నూనె లోపలి గ్రీజును కడిగేస్తుంది, కొత్త దుమ్మును పిలుస్తుంది. బ్రేకు డిస్కు మీద పడిందా, అసలుకే ముప్పు.

సరైన వైద్యం వేరు. కీళ్లు విప్పి, పొడి గుడ్డతో తుడిచి, ఇరుసులకు కొత్త గ్రీజు పెట్టాలి. అరిగిన బేరింగులు, బుష్‌లు మార్చాలి. వదులు కాకుండా జిగురు వేయమని కంపెనీ చెప్పిన బోల్టులకు గ్రీజు రాయకూడదు. ఎంత బిగించాలో చాలా ఫ్రేముల మీద, బోల్టుల మీద న్యూటన్ మీటర్లలో రాసే ఉంటుంది. దానికి టార్క్ రెంచీ వాడాలి. బలం ఉంది కదా అని బిగిస్తే మర పోతుంది, బేరింగు నలుగుతుంది. కడిగేటప్పుడు ప్రెషర్ పంపుతో బేరింగుల్లోకి, మోటారులోకి నీళ్లు కొట్టకూడదు. షాకు లోపలి భాగం మాత్రం ఇంట్లో విప్పొద్దు. అందులో గాలి, వాయువు గట్టి ఒత్తిడితో ఉంటాయి. అది తెలిసిన మెకానిక్కు పని. ఊగినప్పుడు 'సుస్సు'మనే మెత్తటి శబ్దం నూనెది. దానికి కంగారు అక్కర్లేదు. నూనె బయటికి కారితే మాత్రం సర్వీసుకు పంపాలి.

మామూలు సైకిల్ కన్నా బ్యాటరీ సైకిల్ బరువెక్కువ. ఈ రకంవి 20 కిలోలు దాటడం మామూలే. దానికి మోటారు లాగుడు తోడవుతుంది. అందుకే కీళ్లు తొందరగా అలిసిపోతాయి.

అన్నీ చూసినా కిర్రు పోలేదా? అప్పుడు పగటి వెలుగులో ఫ్రేమును వేలితో తడుముతూ వెతకాలి. వెల్డింగుల దగ్గర, కీళ్ల చుట్టూ రంగు మీద వెంట్రుకంత గీత కనిపిస్తే బండి అక్కడే ఆపెయ్యాలి. అది పగులు కావచ్చు. దిగుడులో ఫ్రేము విరిగితే పోయేది బండి ఒక్కటే కాదు. ఇంట్లో పిల్లలు తొక్కే బండయితే ఈ మాట మరీ గుర్తుపెట్టుకోవాలి.

కిర్రు తీరిన బండి మీద తెల్లవారుజామున రామగిరి దారి పట్టి చూడండి. ఎండ ఇంకా ముదరదు. టైర్ల కింద కంకర నలుగుతుంది, మోటారు సన్నగా పాడుతుంది. అంతే, మరో చప్పుడు లేదు. దూరంగా మొదటి షిఫ్టుకు పోయే బండ్ల వరస కనిపిస్తుంది. వాళ్లలో కొందరు ఇంకాసేపట్లో భూమి లోపలికి దిగుతారు.

దిగి, ముందు కప్పు మాట వింటారు. ఆ తర్వాతే పని.