మోకాలెత్తు ఊళ్లో... కూ చుక్‌చుక్!

లండన్‌లోని మారిల్‌బోన్ స్టేషన్లో రైలెక్కితే సుమారు 40 కిలోమీటర్ల దూరంలో బీకన్స్‌ఫీల్డ్ అనే ఊరొస్తుంది. అక్కడ దిగి కాస్త నడిస్తే మరో రైల్వే! ఊళ్లూ చర్చీలూ చెరువులూ అన్నీ ఉంటాయి. కానీ ఆరడుగుల మనిషి అక్కడ అరడుగే. అసలు పరిమాణంలో పన్నెండో వంతుకు కుదించి కట్టిన ఆ బుల్లి ప్రపంచం పేరు బెకన్‌స్కాట్. మోకాలెత్తు ఇళ్ల మధ్య నుంచి రైళ్లు పరుగులు తీస్తుంటే పెద్దవాళ్లు కూడా వంగి చూడాల్సిందే.

దీన్ని కట్టించింది రోలండ్ కాలింగమ్ అనే అకౌంటెంటు. ఇంటినిండా బొమ్మరైళ్లే ఉండటంతో విసిగిపోయిన ఆయన భార్య 'అవైనా ఉండాలి, నేనైనా ఉండాలి' అన్నారనీ అందుకే రైళ్లు తోటలోకి వచ్చాయనీ ఓ కథ. నిజమో కాదో కానీ, 1929లో తోట తలుపులు తెరిచాక జనం ఆగలేదు.

గదిలో రైలు నడపడం వేరు, తోటలో నడపడం వేరు. ఇలాంటి రైళ్లలో చాలావాటికి కరెంటు పట్టాల నుంచే చక్రాల ద్వారా మోటారుకి అందుతుంది. వాన, మంచు, రాలిన ఆకు, మట్టి... ఏది అడ్డొచ్చినా బండి ఆగుతుంది. దూరం వెళ్లేకొద్దీ వోల్టేజీ కూడా తగ్గుతుంది. అందుకే తోట రైళ్ల ప్రియులు ఇంజిన్ మార్చేకన్నా ముందు కంట్రోలర్ మీద దృష్టి పెడతారు.

చేయి పెడితే వెచ్చగా తగిలే పాత ఫ్యాన్ రెగ్యులేటర్ గుర్తుందా? పాత కంట్రోలర్లూ అంతే. కరెంటుని కొంత అడ్డుకుని వేడిగా మార్చేస్తాయి. నాబ్ తిప్పితే బండి కదలదు, ఇంకాస్త తిప్పితే ఒక్క ఉదుటున ఉరుకుతుంది! కొత్త ఎలక్ట్రానిక్ కంట్రోలర్లలో చాలావరకు కరెంటుని సెకనుకి ఎన్నోసార్లు ఆపుతూ వదులుతూ తునకలుగా పంపుతాయి. ప్రతి తునకలోనూ పూర్తి వోల్టేజీ ఉంటుంది కాబట్టి మోటారు మొరాయించదు. బండి నిజం రైల్లా మెల్లగా కదులుతుంది. పట్టాలు షార్టయితే కరెంటు దానంతటదే ఆగిపోయే ఏర్పాటూ ఉంటుంది. అలాగని తొందరపడకూడదు. కొన్ని పాత మోటార్లు ఈ తునకల కరెంటుకి గుర్రుమంటాయి, వేడెక్కుతాయి. తాతలనాటి ఇంజిన్‌ని మాత్రం ముందు కాసేపు నడిపి, చేత్తో తాకి చూడాలి.

బెకన్‌స్కాట్‌లో ఇంకో చిక్కుంది. ఊరంతా 1930ల నాటిలాగే కనిపించాలని 1992లో నిర్ణయించారు. కాలంతోపాటు చేరిన కొత్తతరం భవనాలు తీసేశారు. మరి కొత్త పరికరాలో? కనపడకుండా ఉండాలి. అందుకే సిగ్నల్ క్యాబిన్లో నిజమైన రైల్వే లీవర్లే సందర్శకుల కంటికి ఆనతాయి, వాటికి తోడుగా కంప్యూటర్ పనిచేస్తుంటుంది. అక్కడి ప్రధాన స్టేషన్ పేరు మేరీలూ. లండన్‌లోని మారిల్‌బోన్, వాటర్‌లూలను కలిపేసిన చమత్కారం!

చలికాలంలో మాత్రం తోట మూసి మరమ్మతులు చేస్తారు. 'మేం ఎక్కొచ్చా?' అని అడిగే పిల్లలకు నిరాశ లేదు... కూర్చుని తిరగడానికి పక్కనే కాస్త పెద్ద రైలు వేరే ఉంది.