రీము తూకం

ఇంట్లో లేజర్ ప్రింటర్ ఉన్నవాళ్లకు ఓ మాట. కాగితం కొనేటప్పుడు చాలామంది తెల్లదనం చూస్తారు. అసలు చూడాల్సింది జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్నది. ఏ4 షీట్లు పదహారు కలిస్తే చదరపు మీటరు. ఆ లెక్కన 80 జీఎస్‌ఎం షీటు 5 గ్రాములు, 500 షీట్ల రీము రెండున్నర కిలోలు. 70 జీఎస్‌ఎం అయితే రెండు కిలోల రెండొందల దగ్గరే ఆగుతుంది. అనుమానముంటే వంటింటి కాటా మీద పెట్టేయండి (ఇంట్లోవాళ్లు చూడకుండా!). టికెట్లకూ ఆధార్ కాపీలకూ 70 చాలు. రెండువైపులా ప్రింట్ తీసేవాళ్లకు 80 నయం.

తంటా అంతా వానాకాలంలోనే. కాగితం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. లోపల టోనర్‌ను కరిగించి అంటించే ఫ్యూజర్ వేడి 200 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. ఆ వేడికి తేమ ఆవిరై, షీటు అప్పడంలా వంకర తిరిగి ఇరుక్కుంటుంది. విప్పిన రీమును దాని కవర్లోనే మడిచిపెట్టండి. ట్రేలో కావలసినన్నే వేయండి, వేసేముందు అంచులు ఓసారి రెపరెపలాడించండి.

ఇంక్‌జెట్ ఫొటో పేపర్ జోలికి మాత్రం పోకండి. దాని పూత కరిగి ఫ్యూజర్‌కు అంటుకుంటే, ఆ రిపేరు ఖర్చుతో మంచి కాగితం బోలెడు వస్తుంది.