ఉండమనలేక పొగ

పొమ్మనలేక పొగబెట్టారని మనవాళ్లకో సామెత వుంది. చుట్టం ఎంతకీ కదలకపోతే పొయ్యిలో ఓ పచ్చికట్టె దోపి, ఇల్లంతా పొగచేసి, ఆ చుట్టం కళ్లు నులుముకుంటూ తనంతట తనే మూటాముల్లే సర్దుకునేలా చేసిన ఇల్లాలెవరో ఈ సామెతకి మూలపుటమ్మ అయివుండాలి. ఆవిడ తెలివికి నేనెప్పుడూ మనసులో దణ్ణం పెట్టుకుంటూనే వుంటాను. పోయిన అక్టోబరులో డల్లాస్‌లో మా తమ్ముడింటికి వెళ్తే, దిగిన మర్నాడే వాడు నన్ను పెరట్లోకి తీసుకెళ్లి పొగబెట్టాడు. అప్పట్నుంచీ ఆ సామెత మీద నాకు అనుమానం పుట్టింది.

పెరట్లో వున్నది మూడు కాళ్ల నల్లటి ఇనపగుండు. సగానికి కోసి, పై సగానికి పిడి పెట్టినట్టుంది.

"కుంపటి కదట్రా!" అన్నాను.

వాడు నొచ్చుకున్నాడు. "గ్రిల్ అక్కా" అన్నాడు, కొడుకుని కోతి అన్నంత బాధగా. దాని జాతకం కూడా చెప్పాడు. 1952లో షికాగో దగ్గర జార్జ్ స్టీఫెన్ అనే ఆయన, నీళ్లమీద తేలే బోయాలకి లోహపు గుండ్లు తయారుచేసే కంపెనీలో పనిచేసేవాడట. పెరట్లో మాంసం కాల్చుకుందామంటే గాలీ వానా పడనివ్వడంలేదని, ఆ గుండునొకదాన్ని అడ్డంగా కోసి, కింది సగానికి కాళ్లూ, పై సగానికి పిడీ తగిలించాడట.

"అయితే కుంపటికి మూత పెట్టాలని తోచడానికి 1952 దాకా పట్టిందన్నమాట" అన్నాను. మా మరదలు నవ్వాపుకోలేక లోపలికెళ్లిపోయింది. మా తమ్ముడు నవ్వలేదు. నేనూ అంత ధైర్యంగా అన్నమాట కాదది.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మా అమ్మ 2021 మే నెలలో పోయింది. ఆ రోజులెలాంటివో మీకందరికీ తెలుసు. వర్క్ వీసా మీద వున్నవాడు ఇక్కడికొస్తే మళ్లీ ఎప్పుడు వెళ్లగలడో చెప్పేవాళ్లు లేరు. వాడు రాలేకపోయాడు. ఫోను తెరమీద అమ్మని చూశాడు. నేను ఆ దుఃఖంలో, "నీకిలా చూస్తే సరిపోతుందిలే" అన్నాను. వాడేమీ అనలేదు. ఫోను పెట్టేశాడు. అప్పట్నుంచీ పండక్కీ పబ్బానికీ ఫోన్లు చేసుకుని, "బాగున్నారా అంటే బాగున్నాం" అనుకునే బంధువులమైపోయాం. నా నవలల్లో ఎంతమంది చేతనో క్షమాపణలు చెప్పించాను. నా వంతు వచ్చేసరికి ఒక్క వాక్యం కుదర్లేదు. అంచేతే ఈ ప్రయాణంలో కూడా ముందుజాగ్రత్తగా, ఎనిమిదోనాటికి న్యూజెర్సీలో కాలేజీ స్నేహితురాలింటికి టిక్కెట్టు కొనుక్కునే బయల్దేరాను. ఎక్కువ రోజులుంటే ఆ వాక్యం ఎక్కడ ఎదురొస్తుందోనని భయం.

ఇక మొదటి పాఠం నిప్పు రాజెయ్యడం. మా తమ్ముడు రెండువైపులా నోరున్న ఓ రేకు గొట్టం తెచ్చి, అడుగున నలిపిన కాగితాలూ, పైన బొగ్గులూ పోశాడు. కాగితం అంటిస్తే గాలి కిందనుంచి పైకి లాక్కుని ఇరవై నిమిషాల్లో బొగ్గులన్నీ రాజుకున్నాయి. విసనకర్ర లేదు, ఊదుగొట్టం లేదు, ముక్కుచీదడం లేదు. అంటుకోవడం లేదని ఏ నూనే చల్లకూడదట, ఆ వాసన తిండికి పట్టుకుంటుందట.

"ఎప్పుడు పెట్టాలి మరి?"

"మంటలు తగ్గి, బొగ్గుల మీద బూడిద తెల్లగా పరుచుకోవాలి."

"నివురుగప్పాలన్నమాట" అన్నాను.

వాడు నావంక చూశాడు. ఆ మాట విని ఎన్నేళ్లయిందో పాపం. నివురుగప్పిన నిప్పంటే మనం పైకి కనపడని కోపం అనుకుంటాం. వంటకి మాత్రం సరైన నిప్పు అదే. మంట భగ్గుమంటుండగా పెట్టింది పైన మాడిపోతుంది, లోపల పచ్చిగా వుంటుంది. నేను ఆవేళ ఫోనులో అన్నమాట అలాంటిదే.

రెండో కిటుకు, బొగ్గులన్నీ అడుగంతా పరవకూడదు. ఒక పక్కకి నెట్టి, రెండో పక్క ఖాళీగా వుంచాలి. ఇటు చండ్రనిప్పుల సెగ, అటు ఉత్త వేడి. కొత్తకోడలికి అత్తిల్లుతోపాటు అదే వూళ్లో పుట్టిల్లు కూడా వున్నట్టన్నమాట. సెగ మరీ ఎక్కువైతే కాసేపు అటెళ్లి కూర్చోవచ్చు.

ఆ పూట మొక్కజొన్న పొత్తులూ, వంకాయా కాల్చాం. అక్కడి వంకాయ చిన్నసైజు సొరకాయంత వుంది. దానికి నూనె రాసి, పేలకుండా ఫోర్కుతో నాలుగుచోట్ల పొడిచి నిప్పులమీద తిప్పుతుంటే తొక్క నల్లగా మాడి, అరగంటకి కాయంతా చతికిలబడింది. చింతపండూ, పచ్చిమిరపకాయలూ, ఇంగువ తాలింపూ పెట్టి పచ్చడి చేశాను. మిక్సీలో వెయ్యమంటారా వదినా అంది మా మరదలు. "చేత్తో మెదపాలి" అన్నాం, నేనూ తమ్ముడూ ఒక్కసారే. అది అమ్మ మాట. ఇద్దరం పళ్లాల్లోకి చూస్తూ తిన్నాం.

నాలుగోనాడు కోడి. ముందురోజు రాత్రే పెరుగు, పసుపు, కారం, అల్లంవెల్లుల్లి ముద్దా పట్టించాం. నా చేతికి పటకారు ఇచ్చాడు. నిమిషానికోసారి ముక్క ఎత్తి చూడ్డం మొదలెట్టాను. అది ఊచలకి అంటుకుని చర్మం వూడొచ్చింది. "తొందరపడకక్కా! కాలాక అదే వదుల్తుంది" అన్నాడు. ఇంతలో కొవ్వు కారి నిప్పుల్లో పడి మంట లేచింది. నేను కంగారుపడి చెంబెడు నీళ్లెత్తాను. వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. నీళ్లు పోస్తే బూడిద లేచి తిండిమీద పడుతుంది, వేడి కొవ్వు మనమీదకి చిందుతుంది. ముక్కల్ని ఖాళీ పక్కకి జరిపి మూత పెడితే గాలి తగ్గి మంట దానంతటదే చల్లారింది. ఈ ఉపాయం తెలియక ఎన్ని సంసారాల్లో చెంబెత్తామో కదా!

కోడి ఉడికిందో లేదో రంగు చూసి చెప్పకూడదట. బలుపైనచోట, ఎముకకి తగలకుండా సూదిలాంటి థర్మామీటరు గుచ్చి చూడాలి. 165 డిగ్రీల ఫారన్‌హీట్, మన లెక్కలో 74, వస్తే క్షేమం. పచ్చి మాంసం తెచ్చిన పళ్లెంలో వండినది పెట్టకూడదు. తీపి సాసులేవైనా వుంటే చివర్లోనే పుయ్యాలి, పంచదార ఇట్టే మాడుతుంది గనక. మా మేనల్లుడు, "అత్తా, ఎగ్జామ్ వుంటుందా?" అన్నాడు. నేను నోట్సు రాసుకోవడం వాడి కళ్లబడింది.

మొదటిరోజు వంట అరగంట. నాలుగోనాడు గంటన్నర. మర్నాడు నా ప్రయాణమనగా శనివారం పొద్దున్న ఆరింటికే మా తమ్ముడు తలుపు తట్టాడు. "అక్కా, ఇవాళ స్మోకింగ్" అన్నాడు. నిద్రమత్తులో నా గుండె ఝల్లుమంది. తీరా చూస్తే గొర్రె జబ్బ, రెండు కిలోల పైమాటే, ఉప్పూ మిరియాలపొడీ పూసుకుని పళ్లెంలో కూర్చునుంది.

నిప్పులమీద కాల్చడం వేరు, పొగలో మగ్గబెట్టడం వేరు. బార్బెక్యూ అన్నమాట కరీబియన్ దీవుల తైనో ప్రజల భాషలోంచి వచ్చిందంటారు. నిప్పుపైన ఎత్తుగా కట్టిన కర్రల పందిరిని వాళ్లు బార్బకోవా అనేవారట. టెక్సాస్‌లో ఈ విద్యని జర్మన్లూ, చెక్కులూ తమ మాంసం దుకాణాల్లో వృద్ధిచేశారు. అక్కడి లాక్‌హార్ట్ అనే చిన్నవూరిని 1999లో రాష్ట్ర శాసనసభ బార్బెక్యూ రాజధాని అని తీర్మానించింది కూడా. అక్కడ ముఖ్యంగా వండేది ఎద్దు గుండెభాగం. మా ఇంట్లో అది వండరు గనక గొర్రె జబ్బకి ఆ గౌరవం దక్కింది.

బొగ్గులు కొద్దిగా ఓ పక్కన, వాటిమీద గుప్పెడంత ఓక్ చెక్కలు రెండు. మాంసం ఖాళీ పక్కన, దానికింద నీళ్ల పళ్లెం. మూతా, అడుగునున్న గాలికంతలూ కొంచెం కొంచెంగా తెరుస్తూ మూస్తూ లోపల 250 డిగ్రీలు, అంటే మన 121, నిలబెట్టాలి. కట్టె ఎండినదై వుండాలి. పైన్ లాంటి జిగురుకట్టె అసలు పనికిరాదు. తెల్లగా దట్టంగా వచ్చే పొగ తగిల్తే మాంసం చేదెక్కుతుంది. పల్చగా, నీలంగా, కనపడీ కనపడకుండా సాగే పొగే మంచిది. చుట్టాల్ని తరమడానికి తెల్లపొగ, నిలుపుకోడానికి నీలిపొగ అని నోట్సులో రాసుకున్నాను.

"మూత తియ్యకూడదక్కా. తీసినప్పుడల్లా వేడి పోతుంది. కూర్చోవడమే పని."

కూర్చున్నాం. రెండు మడతకుర్చీలు, మధ్య ఓ ఫ్లాస్కు. పదింటిదాకా వాడి ఆఫీసూ, పిల్లల చదువులూ అయిపోయాయి. పదకొండింటికి మా వారి బ్లడ్‌ప్రెషరూ అయిపోయింది. పన్నెండింటికి సూది 160 దగ్గర ఆగింది. ఒంటిగంటకీ అక్కడే. రెండింటికీ అక్కడే.

"చెడిపోయిందేమోరా!"

"లేదు. మాంసానికి చెమట పడుతోంది. మట్టికుండలో నీళ్లు చల్లబడతాయే, అలాగే. లోపలి తేమ ఆవిరవుతూ, వచ్చిన వేడినంతా తీసుకుపోతుంది. కొత్తవాళ్లు ఇక్కడే కంగారుపడి నిప్పు పెంచి చెడగొడతారు. ఆగితే అదే కదుల్తుంది."

ఇద్దరం మాట్లాడుకోలేదు చాలాసేపు. తర్వాత వాడు మూతవంకే చూస్తూ, "ఇది అమ్మ పోయిన నెల్లోనే కొన్నాను" అన్నాడు.

నేను ఫ్లాస్కు మూత బిగించాను. అది బిగించే వుంది.

"ఇంట్లో కూర్చోలేకపోయేవాణ్ణి. పక్కింటాయన ఓ ఆదివారం ఏదో మగ్గబెడుతుంటే పొగ మా పెరట్లోకొచ్చింది. దాలి వాసనక్కా. అచ్చం అదే కాదు. కానీ..."

మీలో ఎంతమందికి దాలి తెలుసో! మా వూళ్లో పెరటిమూల గుంటలో పిడకలు రాజేసి, నివురుమీద పాలకుండ పెట్టేది అమ్మ. పొద్దున్న పెడితే సాయంత్రానికి పాలు ఎర్రగా కాగి, అరంగుళం మీగడ కట్టేది. ఆ మీగడకో పొగవాసన. అది నాకంటే వాడికి ఎక్కువ పెట్టేదని నా చిన్నప్పటి అభియోగం. అమ్మ కూడా మూత తియ్యనిచ్చేది కాదు. నిదానమే ప్రధానమని ఏ టెక్సాస్ వాడూ ఆవిడకి నేర్పలేదు.

"ఆ రోజు నేనలా అనకుండా వుండాల్సిందిరా" అన్నాను.

"ఏ రోజు?" అన్నాడు. వాడికి తెలుసు. కాసేపాగి, "నాకు సరిపోలేదక్కా" అన్నాడు.

సినిమాలో అయితే సరిగ్గా అప్పుడే సూది కదిలేది. ఇక్కడ మరో అరగంటకిగానీ కదల్లేదు. ఆ అరగంటా వాడి కళ్లలోనూ నా కళ్లలోనూ నీళ్లున్నాయి. గాలి ఏ పక్కకి వీస్తోందో ఇద్దరం పట్టించుకోలేదు. ఇదిగో, పొగదగ్గర కూర్చోవడంలో వున్న సుఖం ఇదే. ఎవరూ కారణం అడగరు.

నాలుగింటికి సూది 200 దాటింది, అంటే మన 93. అప్పటికి లోపలి గట్టినారంతా కరిగి జిగురవుతుందట. కాగితంలో చుట్టి గంటసేపు ఊరకే వుంచి విప్పితే ఎముక చేత్తో లాగగానే వచ్చేసింది. పిల్లలు రొట్టెలో పెట్టుకు తిన్నారు. మేమిద్దరం వేడన్నంలో, గోంగూర నంజుకుని తిన్నాం. వండేది అయిపోయాక గాలికంతలన్నీ మూసెయ్యాలి, బూడిద పూర్తిగా చల్లారకుండా చెత్తడబ్బాలో వెయ్యకూడదు. మీలో ఎవరికైనా ఉత్సాహం పుడితే ఇంకొక్క మాట. ఇది డాబామీదో పెరట్లోనో చేయండిగానీ, ఇంట్లోనూ మూసిన వసారాలోనూ వద్దు. బొగ్గులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకి రంగూ లేదు, వాసనా లేదు, జాలీ లేదు.

రాత్రి పెట్టె సర్దుకుంటుంటే మా తమ్ముడు గుమ్మంలో నిలబడ్డాడు.

"వచ్చే శనివారం రెండు జబ్బలు పెడదామనుకుంటున్నాను. తెల్లారుజామునే మొదలెట్టాలి" అన్నాడు.

నాకు టిక్కెట్టుంది అనలేదు నేను. ఉండక్కా అనలేదు వాడు. టిక్కెట్టు మార్చడానికి అయిన డబ్బు మా వారికి ఇప్పటికీ చెప్పలేదు. ఈ వ్యాసం వారు చదవకుండా మీరే చూడాలి.

హైదరాబాదు తిరిగొచ్చి పెట్టె తెరవగానే, "ఏదో మాడినట్టుంది!" అని మా వారు వంటింట్లోకి పరుగెత్తారు. ఆ నీలం నూలుచీర ఒక్కటీ ఇంకా ఉతకలేదు. మడతపెట్టి బీరువాలో అమ్మ చీరల పక్కన పెట్టాను.