కారం ఘాటు కాదు

ఫిబ్రవరి వచ్చిందంటే మా ఆసుపత్రి వరండాలో మిరపకాయల ఘాటు. చిలకలూరిపేట, పర్చూరు మధ్య నల్లరేగడి ఊళ్లలో కోతలు, కల్లాలు సాగే నెలలవి. కూలికి వెళ్లే ఆడవాళ్లు అరచేతుల మంటనీ, దగ్గనీ, నడుంనొప్పనీ వస్తారు. కళ్లు ఎర్రబడి వస్తారు. ఏళ్ల తరబడి చూసి చూసి, వాళ్లు నోరు తెరవకముందే చీటీ రాయడం అలవాటైపోయింది నాకు.

ఆ రోజు వచ్చిన అమ్మాయికి పాతికేళ్లుంటాయి. గొంతు బొంగురుపోయింది. గుటక వేస్తే నొప్పి. ఎడమ కన్ను ఎర్రగా ఉంది. పక్కన అత్తగారు. "కల్లంలో కాయలు ఏరింది డాక్టరుగారూ, ఆ కారం చేత్తోనే కన్ను నలుపుకుంది" అని ఆవిడే చెప్పింది. అమ్మాయి తల ఎత్తలేదు. కంట్లోకి చుక్కలు, దగ్గుకు సిరప్ రాసి పంపేశాను.

ఇంజెక్షన్ గదిలో మా సిస్టర్ ఆ కంటి రెప్ప తీసి చూసింది. కారం తగిలితే కన్నంతా ఒకే తీరుగా ఎర్రబడుతుంది. ఇక్కడ తెల్లగుడ్డు మీదా రెప్ప లోపలా గుండుసూది మొనంత చుక్కలు, విడివిడిగా. సిస్టర్ అత్తగారిని మందులు తెమ్మని కిందికి పంపి, తలుపు దగ్గరికి వేసి ఒక్క మాట అడిగింది: "మెడ పట్టుకున్నాడా అమ్మా?"

"ఇది మూడోసారండీ. మొన్నయితే కళ్లు చీకట్లు కమ్మినయి. చీరలోనే మూత్రం పోయింది. ఎవురికీ చెప్పలా."

మెడ మీద చిన్న గుర్తు కూడా లేదు. గొంతు నులిమిన కేసుల్లో చాలావాటికి పైకి ఏమీ కనబడదు. లోపల రక్తనాళం పొర చిరిగితే కొన్ని రోజుల తర్వాత పక్షవాతం రావచ్చు. నేను సిరప్‌తో సరిపెట్టిన మనిషిని ఆ సాయంత్రమే స్కానింగ్‌కి గుంటూరు పంపాం. అదృష్టం, రక్తనాళాలు బాగానే ఉన్నాయి.

ఆ రాత్రి జాక్వెలిన్ క్యాంప్‌బెల్ పరిశోధనలు ముందేసుకుని కూర్చున్నాను. ఆమె డాక్టరు కాదు, నర్సు. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ నర్సింగ్ స్కూల్లో ఆచార్యురాలు. తను స్కూలు నర్సుగా ఉన్నప్పుడు ఎరిగిన అమ్మాయి ఒకరు సహచరుడి చేతిలో చనిపోవడంతో ఆమె దారి ఇటు మళ్లింది. హింస పడుతున్న స్త్రీకి ప్రాణాపాయం ఎంత దగ్గరలో ఉందో తేల్చడానికి 1985లో కొన్ని ప్రశ్నలు కూర్చింది. ఇంట్లో తుపాకి ఉందా, తాగుతాడా, కడుపుతో ఉన్నప్పుడు కొట్టాడా, చంపుతానన్నాడా, గొంతు నులిమాడా? 2003లో అచ్చయిన 11 నగరాల అధ్యయనంలో భర్తల, ప్రియుల చేతుల్లో హతమైన స్త్రీల కేసులను, హింస పడుతూ బతికున్నవారితో పోల్చి చూసింది. 2008లో నాన్సీ గ్లాస్‌తో కలిసి వెల్లడించిన లెక్క నన్ను నిద్రపోనివ్వలేదు. ఒకసారి గొంతు నులిమించుకున్న స్త్రీ హత్యకు గురయ్యే ప్రమాదం, ఆ అనుభవం లేని బాధితురాలి కంటే ఏడు రెట్లు ఎక్కువ. చెంపదెబ్బ, మెడ మీద చెయ్యి ఒకటి కావు. "మొగుడూ పెళ్లాల గొడవ" అనే ఒక్క సంచిలో ఈ రెంటినీ వేసి మూట కట్టాం ఇన్నాళ్లూ.

తుపాకి ప్రశ్న మన ఊళ్లలో అంతగా పనికిరాదు. పత్తికీ మిరపకూ కొట్టే పురుగుమందు డబ్బా మంచం కిందే ఉంటుంది. మొగుడు దాన్ని చూపించి బెదిరిస్తాడు, విసిగిపోయిన భార్య దాన్నే ఎత్తుకుంటుంది. అందుకే "మందు డబ్బా ఎక్కడ పెడతారు?" అన్న ప్రశ్నను క్యాంప్‌బెల్ ప్రశ్నల పట్టికకు మేమే చేర్చుకున్నాం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో పెళ్లయిన స్త్రీలలో వందకు దాదాపు 30 మంది భర్త చేతి హింస చవిచూశామన్నారు. నా ఓపీ చీటీల్లో ఆ ముప్పై మంది ఏరి? తలనొప్పి, నిద్రలేమి, నీరసం అని రాసి ఉన్నారు.

"పుట్టింటికి పంపేస్తే సరి" అనుకునేవాణ్ని. విడిపోయే రోజులే అతి ప్రమాదమని క్యాంప్‌బెల్ అధ్యయనమే చెబుతోంది. కాబట్టి ఎప్పుడు, ఎవరితో, ఎక్కడికి అన్నది ముందే ఆలోచించి పంపాలి. 2005 గృహహింస చట్టం కింద ఆసుపత్రి వైద్యం నిరాకరించకూడదు. రక్షణాధికారికి వెళ్లాల్సిన నివేదికను అక్కడే నింపవచ్చు. ఆ అమ్మాయి నివేదికను సిస్టరే నింపింది, నేను సంతకం పెట్టాను. ఇప్పుడు అన్నగారింట ఉంటూ పత్తితీతలకు వెళుతోంది.

తోటి డాక్టర్లకు నా మనవి. ఈ సీజన్లో గొంతు బొంగురుపోయి వచ్చిన ఆడమనిషిని కారం ఖాతాలో వేయకండి. వెంట వచ్చినవాళ్లను బయట కూర్చోబెట్టి మెడ గురించి అడగండి. అడగడానికి మీకు నోరు రాకపోతే మీ సిస్టర్‌ని అడగనివ్వండి. చదువుతున్న తల్లులకు: మహిళా హెల్ప్‌లైన్ నంబరు 181. డబ్బు పడదు, రాత్రీ పగలూ ఎత్తుతారు.