పేరుకు స్టేడియం, జరిగేది పెళ్లి

మన విశ్రాంత ఉద్యోగుల సంఘం మహాసభల సావనీర్ కమిటీ నాకు అప్పజెప్పింది 'ఆతిథ్య నగర పరిచయం'. నాలుగు పేజీలు, సోమవారం లోపు. 'నగరం' అన్న మాట దగ్గరే కలం ఆగిపోయింది. భద్రాచలం నగరం కాదు. ఈ చివర టీ తాగుతూ ఆ చివర ఎవరు పోయారో తెలుసుకోగలిగినంత ఊరు. మీరు రైలు దిగేది కూడా మా ఊళ్లో కాదు, ఆ సంగతి చివర చెబుతాను. అయితే ఒక్క విషయంలో నగరాలకు తీసిపోం. మాకూ ఒక స్టేడియం ఉంది. పేరు మిథిలా స్టేడియం. నలభై ఏళ్లుగా ఇక్కడున్నాను, అందులో ఒక్క మ్యాచ్ చూడలేదు. ఏటా ఒక పెళ్లి మాత్రం చూస్తున్నాను.

చరిత్ర, క్లుప్తంగా

ఈ పేరా పాత సావనీర్ల నుంచి ఎరువు తెచ్చిందే, ఒప్పుకుంటున్నాను. భద్రుడి తపస్సు వల్ల ఈ కొండకు భద్రగిరి అని పేరు వచ్చిందని స్థల పురాణం. పుట్టలో ఉన్న రాముణ్ణి పోకల దమ్మక్క కనుగొని పందిరి వేసి పూజించిందని స్థానిక గాథ. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా కాలంలో పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా వచ్చి, వసూలు చేసిన శిస్తు సొమ్ముతో గుడి కట్టించాడు. ఆ నేరానికి గోల్కొండ చెరసాలలో పడి రామదాసయ్యాడు. శ్రీరామనవమి నాటి సీతారాముల కల్యాణానికి ప్రభుత్వం ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీ తానీషా నాటిదేనంటారు. ప్రభుత్వాలు మారాయి, రాష్ట్రాలు మారాయి, ముత్యాలు మాత్రం ఆగలేదు.

మన స్టేడియం

1960లలో కల్లూరి చంద్రమౌళి గారి పూనికతో ఆలయ జీర్ణోద్ధరణ ఊపందుకుంది. గుడి పక్కనున్న శిల్పకళా కల్యాణ మండపం గణపతి స్థపతి చేతి పని. హుస్సేన్‌సాగర్ బుద్ధుణ్ణి చెక్కించింది కూడా ఆయనే. ఆ మండపం ముందున్న విశాలమైన ఆవరణనే మేం మిథిలా స్టేడియం అంటాం. జనకుడి ఊరి పేరు పెట్టుకున్నాం కాబట్టి కల్యాణం జరిగే ఆ ఒక్క రోజూ మేమంతా ఆడపెళ్లివారమే. మర్యాదలకు లోటు రాకూడదని ఊరు ఊరంతా హడావుడి పడుతుంది.

ఏర్పాట్లు హోలీ పున్నమి నాడే మొదలు. ఆ రోజు పసుపు దంచి తలంబ్రాలు కలుపుతారు. మా తలంబ్రాలు అందరివిలా పసుపుపచ్చగా ఉండవు. గులాలు కలుపుతారు కనుక గులాబీ రంగు తేలతాయి. తూర్పుగోదావరి కోరుకొండ వైపు భక్తులు వడ్లను గోటితో ఒలిచి తెస్తారు, ఒక్క గింజ విరగకుండా. ఇప్పుడైతే రాలేనివాళ్లకు ఆర్టీసీ కార్గోలో ఇంటికే వెళుతున్నాయి.

నవమి నాడు అభిజిత్ లగ్నం, అంటే నడినెత్తిన ఎండ. తాటాకు పందిళ్ల కింద జనం సెక్టార్లవారీగా కూర్చుంటారు. ఇటీవలి ఏళ్లలో టికెట్టు రూ.150 నుంచి మొదలై ఉభయదాతలకు రూ.7,500 దాకా ఉంది. టికెట్టు లేని జనమూ ఉంటారు. ఛత్తీస్‌గఢ్ నుంచి, ఒడిశా నుంచి అడవి దారిన వచ్చే ఆదివాసీలు చంకలో పిల్లను, నెత్తిన మూటను పెట్టుకుని నిలబడే చూస్తారు. అర్చకులు మంగళసూత్రాలను ఎత్తి చూపిస్తారు. అందరి పెళ్లిళ్లలో రెండు సూత్రాలుంటే ఇక్కడ మూడు, మూడోది రామదాసు చేయించింది. ఆ క్షణాన విసనకర్రలన్నీ ఒక్కసారి ఆగిపోతాయి. అంతటి ఎండలో, అంత జనంలో చేతులాడటం ఆగడం మీరు చూసి తీరాలి. మర్నాడు అదే వేదిక మీద పట్టాభిషేకం. పన్నెండేళ్లకోసారి వచ్చే పుష్కర సామ్రాజ్య పట్టాభిషేకం 2023లో జరిగింది.

స్టేడియం అన్నాక కామెంటరీ ఉండాలి కదా. మాకూ ఉండేది, అదీ ఉషశ్రీ గొంతుతో. టీవీలు లేని రోజుల్లో ఆకాశవాణిలో ఆయన వ్యాఖ్యానం విని, తాము ఎన్నడూ చూడని భద్రాచలంలో అక్షింతలు వేసినంత తృప్తి పడ్డవాళ్లు ఎందరో. మా అమ్మ మధిరలో రేడియో ముందు పీట వేసుకుని, కొంగు తల మీదికి లాక్కుని కూర్చునేది. కచేరీలకు రామదాసు జయంతి ఉంది. ఆ ఉత్సవాల్లో విద్వాంసులంతా వచ్చి ఆయన నవరత్న కీర్తనలు కలిసి పాడతారు. ఆ కీర్తనల్ని ఊరూరా చేర్చిన బాలమురళి గొంతు మా టీ కొట్లలో ఇప్పటికీ పొద్దున్నే మోగుతుంది.

ఈ స్టేడియం బోసిపోవడం కూడా చూశాం. 2020, 2021లలో కరోనా వల్ల కల్యాణం భక్తులు లేకుండా గుడి లోపలే జరిగింది. ఆ రెండేళ్లూ మా ఇంట్లో నవమి పానకం చేసుకున్నాం గానీ ఎవరికీ రుచి తెలియలేదు. 2022 ఏప్రిల్‌లో పందిళ్లు మళ్లీ లేచాయి. ఆ జూలైలోనే గోదావరి వచ్చింది.

గోదావరి లెక్క

మా ఊళ్లో పిల్లలకు ఎక్కాల కంటే ముందు మూడు అంకెలు వస్తాయి: 43, 48, 53. ఇవి అడుగుల్లో మొదటి, రెండో, మూడో ప్రమాద హెచ్చరికలు. నేను ఉపాధ్యాయుడిగా చేరింది 1986 జూలైలో. 'అడవిలో ఏం తింటావురా' అని అమ్మ ఏడ్చింది. నెల తిరక్కుండానే ఆగస్టులో నీరు 75.6 అడుగులకు వచ్చింది. ఇప్పటికీ అదే రికార్డు. ఆ తర్వాత కరకట్ట కట్టారు. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు ఊరిని నిలబెట్టింది ఆ కట్టే. మహాసభలకు వచ్చినవారు సాయంత్రం దాని మీద నడవండి. ఎడమన నది, కుడిన ఇళ్ల కప్పులు. కట్ట విలువ ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.

ఆటలు లేవనుకోకండి

స్టేడియంలో లేకపోయినా ఆటలు ఊళ్లో ఉన్నాయి. జూనియర్ కాలేజీ గ్రౌండులో పొద్దున్నే చూడండి. పెద్ద మైదానాలు కావాలంటే ఖమ్మంలో సర్దార్ పటేల్ స్టేడియం, పెవిలియన్ గ్రౌండ్, కొత్తగూడెంలో ప్రకాశం స్టేడియం ఉన్నాయి. గిరిజన పిల్లల కోసం పాల్వంచ దగ్గర కిన్నెరసానిలో క్రీడా పాఠశాల ఉంది.

ఇక గొంగడి త్రిష. ఈ పేరు రాయడానికే ఈ వ్యాసం ఒప్పుకున్నానేమో. భద్రాచలంలో పుట్టిన పిల్ల. క్రికెట్ కోసం కుటుంబం సికింద్రాబాద్‌కు మారింది. 2023లో అండర్-19 మహిళల ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉంది. 2025లో అదే కప్‌లో, కౌలాలంపూర్‌లో స్కాట్లాండ్ మీద 110 నాటౌట్ కొట్టింది, ఆ టోర్నీ చరిత్రలో అదే తొలి సెంచరీ. ఫైనల్లో 3 వికెట్లు తీసి 44 పరుగులతో అజేయంగా నిలిచింది. మొత్తం 309 పరుగులు, 7 వికెట్లు, టోర్నీ ఉత్తమ క్రీడాకారిణి. ఆ రోజు మా వీధిలో టపాకాయలు కాల్చినవాళ్లలో సగంమందికి క్రికెట్ రాదు. అయినా కాల్చారు.

ఆటలో త్రిష అయితే, పాటలో మణుగూరు వైపు సకిని రామచంద్రయ్య గారుండేవారు. కోయ ఇలవేల్పుల కథలను డోలు మీద పాడిన మనిషి. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశారు. ఏ స్టేడియమూ లేకుండా సమ్మక్క సారలమ్మల కథను తరాలు దాటించింది ఇలాంటి గొంతులే.

మన భవనం

ఒకప్పుడు ఉద్యోగుల లెక్కలో భద్రాచలం అంటే పనిష్మెంట్ పోస్టింగు. పైవాళ్లకు కోపం వస్తే ఇక్కడికి, దోమకు కోపం వస్తే మలేరియా వార్డుకు. ఆ రోజుల్లో వచ్చి, 'రెండేళ్లే కదా' అనుకుని, ఇక్కడే రిటైరైనవాళ్లమే ఈ విశ్రాంత ఉద్యోగుల సంఘం. స్థలం కోసం పదకొండేళ్లు తిరిగాం. ఫైలు ఏ ఆఫీసులో పడుకుందో రాయను, ఇప్పుడు అందరూ స్నేహితులే. చివరికి ఒక్కొక్కరం ఒక నెల పింఛను ఇచ్చి గోడలు లేపాం. స్లాబు పోసిన రోజు అరవై ఎనిమిదేళ్ల మాజీ హెడ్మాస్టరు తట్ట మోశారు, వద్దన్నా వినలేదు. ఇవాళ కింద హాలు, పైన లైబ్రరీ, వారానికో రోజు బీపీ, షుగరు పరీక్ష. బీరువా నిండా పోటీ పరీక్షల పుస్తకాలే. చదివేది మేం కాదు, ఆశ్రమ పాఠశాలల నుంచి వచ్చిన కోయ పిల్లలు. నా దగ్గర పలక పట్టిన పిల్లవాడు ఇప్పుడు డిప్యూటీ తహసీల్దారు. గోపన్న గారి శాఖే కదా, జాగ్రత్తరా అని చెప్పాను. 

నాలుగు జాగ్రత్తలు

ఒకటి: ఊరు తెలంగాణ, పక్క వీధి ఆంధ్ర. 2014లో ఎటపాక, పురుషోత్తపట్నం సహా అయిదు పంచాయతీలు అటు వెళ్లాయి. రాముడి మాన్యం 889 ఎకరాలు కూడా అటే ఉంది. నడకకు బయల్దేరి రాష్ట్రం దాటితే కంగారు పడకండి, ఫోన్ చేయండి.

రెండు: పర్ణశాల 35 కిలోమీటర్లు, పొద్దున్నే వెళ్లి రండి. చీకటిపడ్డాక అడవి దారిన సొంత బండి వద్దు. పశువులు రోడ్డు మీదే పడుకుంటాయి.

మూడు: ఇంటికి తీసుకెళ్లడానికి లడ్డూ ప్రసాదంతో పాటు ఆదివాసీ మహిళలు చేసే చిరుధాన్యాల బిస్కెట్లు కొనండి. షుగరున్న మన సభ్యులు రెండోదానితో సరిపెట్టుకోవాలి.

నాలుగు: గది తాళం చేతికొచ్చేదాకా గది దొరికిందనుకోవద్దు. కిందటిసారి జిల్లా సభలప్పుడు ఒక లాడ్జివారు మనకిచ్చిన గదులే ఒక పెళ్లివారికీ ఇచ్చారు. పద్దెనిమిది మంది రిటైర్డు అధికారులు వరండాలో పడుకున్నారు. ఈసారి గదుల జాబితా నేనే రాశాను, తాళాలు మన దగ్గరే ఉన్నాయి.

స్టేడియాన్ని నవమికి చూడగలిగితే సరే. లేకపోతే మహాసభల రెండో రోజు తెల్లవారుజామున, ఖాళీగా ఉన్నప్పుడే చూడండి. చెప్పులు విడిచి, మండపం స్తంభాల శిల్పాలు ఒక్కొక్కటే చూస్తూ నడవండి. హడావుడి లేనప్పుడే స్థపతి పనితనం కనిపిస్తుంది.

ఇక రైలు సంగతి. మల్కన్‌గిరి నుంచి భద్రాచలం మీదుగా కొత్త లైనుకు 2024లో కేంద్రం ఆమోదం తెలిపింది. అది వచ్చేదాకా టికెట్టు 'భద్రాచలం రోడ్'కే తీసుకోండి. ఆ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో, మా ఊరికి 40 కిలోమీటర్ల దూరాన. మన వాలంటీర్లు పసుపు జెండాలతో గేటు బయటే ఉంటారు, బస్సులు సిద్ధం. ఆటోవాళ్లు 'గుడి దగ్గరే సార్' అంటే నమ్మకండి.